విమానంలో సీటుకు డబ్బు కట్టకపోతే సీటు నంబరు ఎలా ఇస్తారు?

సీటు ఎంచుకోకుండా టికెట్ కొన్నవాళ్లకు, చెక్-ఇన్ (ప్రయాణానికి ముందు బోర్డింగ్ పాస్ తీసుకోవడం) సమయానికి మిగిలిన సీట్లలోంచి ఎయిర్‌లైన్ సిస్టమే ఒకటి ఉచితంగా కేటాయిస్తుంది.

సాధారణంగా టికెట్‌తో వచ్చేది ప్రయాణించే హక్కు మాత్రమే; ఫలానా నంబరు సీటు కాదు. కిటికీ పక్కవి, నడవ పక్కవి, ముందు వరుసలవి, కాళ్లు చాపుకునే జాగా ఉన్నవి విడిగా అమ్ముకుంటారు. వాటిని ముందే కొనేసుకుంటారు కాబట్టి, చివరికి మిగిలేవి ఎక్కువగా మధ్య సీట్లే. వీటితో పాటు భద్రతా నియమాలూ ఉంటాయి. అత్యవసర ద్వారం పక్కన పిల్లలను, గర్భిణులను కూర్చోనివ్వరు. ఏటీఆర్ లాంటి చిన్న విమానాల్లో బరువంతా ముందువైపో వెనకవైపో పడకుండా కూడా చూస్తారు.

ఉదాహరణకు, 30 వరుసల్లో 180 సీట్లున్న ఎయిర్‌బస్ ఏ320లో 60 మధ్య సీట్లే. చాలామంది ముందే కిటికీ, నడవ సీట్లు కొనేసుకుంటే, ఆలస్యంగా చెక్-ఇన్ చేసిన భార్యాభర్తలకు 9బీ, 22ఈ లాంటి దూరదూరపు మధ్య సీట్లు రావచ్చు. కావాలని విడదీశారనిపిస్తుంది గానీ, పక్కపక్కన ఖాళీలే ఉండకపోవచ్చు. పిల్లల విషయం వేరు: 12 ఏళ్ల వరకు వయసున్నవాళ్లకు, అదే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనే సీటివ్వాలని 2024లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆదేశించింది.

వెబ్ చెక్-ఇన్‌లో చాలా సీట్ల మీద ధర కనిపించేసరికి, కొనకపోతే విమానం ఎక్కనివ్వరేమోనని చాలామందికి టెన్షన్. అదేం లేదు. సీటు ఎంచుకోకుండా ముందుకెళ్లే ఆప్షన్ సాధారణంగా ఆ పేజీలోనే ఓ మూల, కాస్త చిన్న అక్షరాల్లో ఉంటుంది.