కొట్టకుండా, అరవకుండా క్లాసును అదుపు చేయడం ఎలా? నా అనుభవం

"నాలుగో తరగతిలో 38 మంది. అరిస్తే ఐదు నిమిషాలు ఊరుకుంటారు, మళ్ళీ మామూలే. కొట్టడం నాకిష్టం లేదు, ఏం చేయను?" అని ఒక టీచర్ అడిగారు. గుంటూరులో 14 ఏళ్ళుగా చిన్న క్లాసులకు చెబుతున్నాను. నేను చేసిన ఒక తప్పు ముందు చెబుతాను.

నేను ఆఫీసు రూముకు వెళ్తే లీడర్ బోర్డు మీద మాట్లాడినవాళ్ళ పేర్లు రాసేవాడు. మళ్ళీ మాట్లాడితే పక్కన ఇంటూ 2, ఇంటూ 3. ఒక పిల్లాడి పేరు రోజూ ఉండేది. ఓ సోమవారం వాడు ఒక్క పీరియడ్‌లోనే నాలుగుసార్లు "టీచర్, నీళ్ళకి" అని లేచాడు. నాకు ఒళ్ళు మండింది. "నీ ధ్యాసంతా కుళాయి మీదేరా!" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు కూర్చుని అరచేతులు నిక్కరుకేసి రుద్దుకుంటున్నాడు. ఇంటర్వెల్‌లో పిలిచి చూస్తే చేతులు ఎర్రగా కంది ఉన్నాయి. ఆదివారమంతా వాళ్ళమ్మతో కూర్చుని మిరపకాయల తొడిమలు తీశాడట. నీళ్ళకు ఆ మంట పోతుందా? మా బడి ఆయమ్మ కొబ్బరినూనె తెచ్చి రాసింది. మిర్చి యార్డు ఉన్న ఊళ్ళో ఉంటూ నాకా సంగతి తట్టలేదు.

పదిమందిలో అన్నాను కాబట్టి మర్నాడు పదిమందిలోనే "తప్పు నాది" అని చెప్పాను. వెనక నుంచి ఒకమ్మాయి, "అయితే మీ పేరు బోర్డు మీద రాయాలా టీచర్?" అంది. రాయమన్నాను. అది తుడిచాక మళ్ళీ ఎవరి పేరూ రాయించలేదు.

ఇప్పుడు అల్లరి చేసేవాడి బల్ల దాకా నడిచి, వంగి, "ఏమైంది నాన్నా?" అని వాడికొక్కడికే వినపడేలా అడుగుతాను. పెన్సిల్ లేదనో, బోర్డు కనపడట్లేదనో, పక్కవాడు గిచ్చాడనో చెబుతారు. ఉత్త అల్లరే అయితే మాట పెంచకుండా చోటు మారుస్తాను.

అన్నాలు తిన్నాక వచ్చే పీరియడే అసలు పరీక్ష. అప్పుడు నోరు తెరవను. బోర్డు మీద ఒక పొడుపు కథ రాస్తాను: "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు." జవాబు నా చెవిలో చెప్పాలి. పైకి అరిస్తే పక్కవాడికి తెలిసిపోతుంది కాబట్టి వాళ్ళే నోరు నొక్కుకుంటారు. మార్చిలో ఒంటిపూట బడులప్పుడు, పదకొండు దాటాక మాత్రం ఇది కూడా పారదు. వరండాలోకి తీసుకుపోయి ఎక్కాలు పాడిస్తాను.

గోడకుర్చీ, గుంజీళ్ళు దెబ్బలు కావు కదా అనే మాస్టార్లు మా స్టాఫ్ రూములోనూ ఉన్నారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఆ లెక్కన ఆ రోజు నేనన్న మాట ఏ కోవలోకి వస్తుందో మీరే చూడండి.

పోతే, లీడర్‌కు పని పోయిందని బెంగ పడకండి. మా లీడర్ ఇప్పుడు వాళ్ళ నాయనమ్మ దగ్గర పొడుపు కథలు అడిగి తెస్తున్నాడు. వాటిలో సగం నాకే తెలియవు.