మీ ప్రశ్నలు – మా జవాబులు: సెల్యూకస్ నికేటర్

ప్రశ్న: సెల్యూకస్ తన కూతురు హెలెన్‌ను చంద్రగుప్త మౌర్యుడికిచ్చి పెళ్లి చేశాడని గైడ్లలో చదివాం. నిజమేనా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, వరంగల్

జవాబు: సెల్యూకస్ అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడు, ఆయన తర్వాత బాబిలోన్ నుంచి తూర్పు భాగాలను ఏలిన రాజు. చంద్రగుప్తుడితో వియ్యం కుదిరిందన్నంతవరకే ఆధారం ఉంది. ప్రాచీన గ్రీకు రచయితలు స్ట్రాబో, అప్పియన్ ఇద్దరూ ఆ సంగతి రాశారు కానీ పిల్ల పేరేమిటో, పెళ్లికొడుకు చంద్రగుప్తుడో ఆయన కొడుకో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. రాజకుటుంబాల మధ్య జరిగిన ఒక్క పెళ్లా, గ్రీకులకూ భారతీయులకూ మధ్య పెళ్లిళ్లు చెల్లుతాయన్న ఒప్పందమా అన్నదీ పండితుల్లో తేలలేదు. హెలెన్ ప్రాచీన గ్రంథాల్లో ఎక్కడా లేదు, ఆధునిక నాటకాల్లోనే ఉంది.

పరీక్షకు గుర్తుంచుకోవాల్సింది క్రీ.పూ. 303 ప్రాంతపు సంధి షరతులు. చంద్రగుప్తుడికి అరకోసియా (కాందహార్), పరోపమిసడై (కాబూల్), గెడ్రోసియా (బెలూచిస్తాన్) దక్కాయి, బదులుగా సెల్యూకస్‌కు 500 ఏనుగులు వచ్చాయి. నాలుగోదిగా గైడ్లు రాసే ఏరియా, అంటే హెరాత్, మీద వాదన ఉంది. కాందహార్ విషయంలో మాత్రం అనుమానం అక్కర్లేదు. 1958లో అక్కడ గ్రీకు, అరమాయిక్ భాషల్లో అశోకుడి శాసనం బయటపడింది.

ప్రశ్న: 500 ఏనుగుల కోసం అంత రాజ్యం వదులుకోవడం నష్టబేరం కాదా?
– ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: సెల్యూకస్ ప్రాణాలకు ముప్పు పడమటి నుంచి ఉంది. అలెగ్జాండర్ సేనానుల్లో బలవంతుడైన ఆంటిగోనస్ అంతకుముందే ఆయన్ను బాబిలోన్ నుంచి తరిమేశాడు. క్రీ.పూ. 312లో సెల్యూకస్ ఈజిప్టు పాలకుడు టాలెమీ దగ్గర సుమారు 800 మంది కాల్బలం, 200 గుర్రాలు తీసుకుని వెళ్లి దాన్ని తిరిగి పట్టుకున్నాడు. అలాంటి శత్రువు ఇంకా బతికి ఉండగా, తూర్పున మౌర్యులతో ఏళ్ల తరబడి పోరాటం పెట్టుకుంటే రెండువైపులా చెడేవాడు.

అయితే ఏనుగులుంటే చాలు, గెలుపు ఖాయం అనుకోకూడదు. క్రీ.పూ. 312లో గాజా దగ్గర ఆంటిగోనస్ కొడుకు డెమెట్రియస్ 43 ఏనుగులతో వచ్చి ఓడిపోయాడు. ఎదురుగా ఉన్నది టాలెమీ, సెల్యూకస్. ఇనుప మేకులు బిగించిన గొలుసులు నేల మీద పరిపించారు. పాదాల్లో మేకులు దిగి ఏనుగులు ఆగిపోగానే మావటీలను బాణాలతో కొట్టించారు. మావటి పడిపోయాక ఏనుగు ఎవరి మాటా వినదు.

ఆ అనుభవం క్రీ.పూ. 301లో ఫ్రిజియాలోని (నేటి టర్కీ) ఇప్సస్ దగ్గర ఆంటిగోనస్‌తో జరిగిన యుద్ధంలో పనికొచ్చింది. సెల్యూకస్ తెచ్చిన ఏనుగులు 400 అని ప్రాచీన రచయిత ప్లూటార్క్, 480 అని మరో రచయిత డియోడోరస్ రాశారు. ఆంటిగోనస్‌కు ఉన్నవి 75. డెమెట్రియస్ తన అశ్వదళంతో సెల్యూకస్ కొడుకు ఆంటియోకస్‌ను తరుముకుంటూ మరీ దూరం పోయాడు. ఈలోగా ఏనుగులు దారికి అడ్డం వచ్చాయి. అలవాటు లేని గుర్రాలు వాటి వాసనకీ ఘీంకారానికీ బెదిరి దగ్గరికి రావు. డెమెట్రియస్ వెనక్కి రాలేకపోయాడు. కాపు లేని కాల్బలాన్ని సెల్యూకస్ రౌతులు చుట్టుముట్టారు, చాలామంది పక్షం మారారు. ఎనభై దాటిన ఆంటిగోనస్ ఈటెల దెబ్బలకు అక్కడే చనిపోయాడు. అంటే ఏనుగుల్ని శత్రువు మీదికి తోలినందుకు కాదు, గోడలా నిలబెట్టినందుకు గెలిచాడు.

ఆ గర్వం ఆయన వెండి నాణేల మీద కనిపిస్తుంది. ఒకవైపు గ్రీకుల దేవరాజు జ్యూస్ తల, రెండోవైపు ఏనుగులు లాగే రథం మీద ఈటె ఎత్తిన యుద్ధదేవత ఎథీనా. పక్కన చిన్న లంగరు గుర్తు, అది సెల్యూకస్ వంశపు ముద్ర.

ప్రశ్న: సెల్యూకస్ శకాన్ని క్రీ.పూ. సంవత్సరాల్లోకి మార్చడం ఎలా?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఈ శకం సెల్యూకస్ పాలన నుంచి మొదలైన సంవత్సరాల లెక్క. ముందు మీరు చదువుతున్న పత్రం అందులో ఏ పద్ధతిలో రాశారో చూడాలి. బాబిలోన్ మట్టి పలకలైతే ఏడాది వసంతంలో, క్రీ.పూ. 311 నుంచి మొదలు. 312లోంచి శక సంవత్సరాన్ని తీసేయండి. సెల్యూకస్ హత్య 31వ ఏట: 312 – 31 = 281. తేదీ జనవరి–మార్చిల్లో పడితే ఇంకొకటి తగ్గించాలి. గ్రీకు, మాసిడోనియా లెక్కలో ఏడాది శరత్తులో, క్రీ.పూ. 312 నుంచి మొదలు. అక్కడ 313లోంచి తీసేస్తే ఆ ఏడాది ఏ శరత్తులో మొదలైందో వస్తుంది. రెండు లెక్కలూ కలిపేస్తే ఏడాది తేడా వస్తుంది. ఈ చిక్కే యూదుల చరిత్ర చెప్పే మక్కబీయుల గ్రంథంలోని తేదీల మీద ఇంత చర్చకు కారణం. క్రీస్తు శకంలోకి దాటాక బాబిలోన్ లెక్కలో శక సంవత్సరంలోంచి 311 తీసేయాలి, ఎందుకంటే సున్నా సంవత్సరం లేదు.

ఇంకొకటి. సెల్యూకస్ రాజబిరుదు ధరించింది క్రీ.పూ. 305 ప్రాంతంలో, లెక్క మాత్రం బాబిలోన్‌కు తిరిగొచ్చినప్పటి నుంచి. కొడుకు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టకుండా తండ్రి లెక్కనే కొనసాగించడంతో అది శకంగా నిలిచింది.

ప్రశ్న: మెగస్తనీస్ ఆంధ్రుల గురించి రాశాడా?
– విద్యార్థి, ఏలూరు

జవాబు: సెల్యూకస్ రాయబారి మెగస్తనీస్ రాసిన ‘ఇండికా’ మనకు దక్కలేదు. ఆంధ్రులకు 30 ప్రాకార నగరాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు అన్న లెక్క క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఇచ్చాడు. అది మెగస్తనీస్ నుంచే తీసుకున్నాడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ప్లినీ మాత్రం ఆ వాక్యంలో ఆయన పేరు చెప్పలేదు. జవాబులో "ప్లినీ ప్రకారం" అని రాస్తే తప్పు పట్టేవాళ్లుండరు.