పాపసంకీర్తనంలో చెప్పిన మాట కోర్టు దాకా వస్తుందా?

ప్రశ్న: నేను కేథలిక్ క్రైస్తవుణ్ణి. ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాసేవాణ్ణి. కొన్నేళ్ల క్రితం సంస్థ డబ్బు కొంత సొంతానికి వాడుకున్నాను. మనసు ఊరుకోక పాపసంకీర్తనంలో, అంటే చేసిన పాపాలను గురువు ముందు రహస్యంగా ఒప్పుకుని క్షమాపణ కోరే మా ఆచారంలో, మా విచారణ గురువుకు (మా ప్రాంతపు చర్చి ఫాదర్‌కు) చెప్పుకున్నాను. తరువాత ఒక రోజు 'ఆ డబ్బు ఎలా తిరిగి కట్టాలో తోచడం లేదు ఫాదర్' అని ఆయనకు ఫోనులో మెసేజ్ పెట్టాను. ఇప్పుడు సంస్థ పోలీసులకు ఫిర్యాదు చేసింది. గురువును సాక్షిగా పిలుస్తారా? పిలిస్తే ఆయన చెప్పాల్సిందేనా? ఆ రోజు నా వెనుక వరసలో ఉన్న ఒకాయన నా మాటలు విన్నాడేమోనని కూడా అనుమానం. పిల్లలపై జరిగే నేరాల్లో గురువులు సైతం పోలీసులకు చెప్పి తీరాలంటున్నారు, నిజమేనా? (పేరు వద్దు)

జవాబు: మీ గురువు నోరు విప్పరు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. అయితే ఆయన మౌనానికి మన చట్టం రక్షణ ఇస్తుందా అన్నది వేరే సంగతి. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్లే చాలామంది చిక్కుల్లో పడుతున్నారు.

ముందు శ్రీసభ, అంటే కేథలిక్ సంఘం, మాట. 1983 నాటి శ్రీసభ చట్టం 983వ నిబంధన ప్రకారం పాపసంకీర్తన రహస్యం ఉల్లంఘించరానిది. మాటతో గానీ, సైగతో గానీ, మరే విధంగా గానీ, ఏ కారణం చేతనైనా సరే గురువు దాన్ని బయటపెట్టకూడదు. 984వ నిబంధన ఇంకా ముందుకు వెళుతుంది. రహస్యం బయటపడే ప్రమాదం ఏమాత్రం లేకపోయినా, అక్కడ తెలిసినదాన్ని మీకు కీడు కలిగేలా వాడుకోకూడదు. కావాలని నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణానే వెలివేతకు గురవుతాడు, ఆ శిక్షను తొలగించే అధికారం రోములోని పోపు పీఠానికే ఉంది. చివరకు మీరే 'చెప్పండి ఫాదర్' అని బతిమాలినా, శ్రీసభ సొంత న్యాయస్థానం కూడా ఆయన సాక్ష్యం తీసుకోదు. ఇది కొత్తగా పుట్టిన కట్టుబాటు కాదు. 1215లో జరిగిన నాలుగవ లాటరన్ మహాసభ, రహస్యం చెప్పిన గురువును పదవి నుంచి తొలగించి జీవితాంతం మఠంలో ప్రాయశ్చిత్తం చేయించాలని శాసించింది.

మీలాంటి వారికి ఊరటనిచ్చే మరో మాట. 2019 జూన్ 29న రోములోని పాపక్షమాపణ న్యాయస్థానం ఒక వివరణ ఇచ్చింది. నేరం చేసినవాడు పోలీసులకు లొంగిపోతేనే పాపక్షమాపణ ఇస్తానని గురువు షరతు పెట్టకూడదని అందులో స్పష్టంగా చెప్పింది. తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వమని మాత్రం గురువు అడుగుతారు, అడగాలి కూడా.

ఇక దేశ చట్టం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం కొన్ని సంభాషణలకు కవచం తొడిగింది. భార్యాభర్తల మధ్య నడిచిన మాటలకు 128వ సెక్షన్, క్లయింటు తన వకీలుకు చెప్పుకున్న మాటలకు 132వ సెక్షన్ రక్షణ ఇస్తాయి. ఆ జాబితాలో మతగురువు లేడు. 1872 నాటి పాత చట్టంలోనూ లేడు. పైగా రహస్యంగా ఉంచుతానని మాట ఇచ్చి రాబట్టినంత మాత్రాన నేరాంగీకారం సాక్ష్యానికి పనికిరాకుండా పోదని పాత చట్టం 29వ సెక్షన్ చెప్పేది. కొత్త చట్టం ఆ మాటనే 22వ సెక్షన్‌లో కలిపేసింది. కాబట్టి గురువును బోనెక్కించి ప్రశ్నించకూడదని మన చట్టంలో ఎక్కడా లేదు. న్యాయవాదిగా నాకు ఇది వెలితిగానే కనిపిస్తుంది. నమ్మిన మనిషి దగ్గర మనసు విప్పుకున్న పేదవాడికి, వకీలును పెట్టుకోగలిగిన ధనవంతుడికి ఉన్నపాటి రక్షణ అయినా ఉండాలి కదా.

గురువు బోనులో నిలబడి జవాబు చెప్పనంటే ఏమవుతుంది? ఆయనను అడిగితే మీరు వచ్చారనీ చెప్పరు, రాలేదనీ చెప్పరు. తగిన కారణం లేకుండా జవాబు నిరాకరించే సాక్షిని ఏడు రోజుల వరకు నిర్బంధించే అధికారం కోర్టుకు ఉంది. విశ్వాసం తగిన కారణమా కాదా అన్నది న్యాయమూర్తి ముందు వాదించాల్సిన విషయం, మత స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 25వ అధికరణం అక్కడ ఆసరాగా నిలుస్తుంది. వాస్తవానికి డబ్బు కేసుల్లో దర్యాప్తు అధికారి వెతికేది బ్యాంకు ఖాతాలను, లెక్కల పుస్తకాలను, వోచర్ల మీది సంతకాలను. గురువు జోలికి వెళ్లే అవసరం ఆయనకు సాధారణంగా రాదు. ఇక మీరు నిందితుడైతే, పాపసంకీర్తనంలో ఏం చెప్పావని మిమ్మల్నే నిలదీసి మీపై మీరే సాక్ష్యం చెప్పేలా బలవంతం చేయడానికి రాజ్యాంగం 20(3) అధికరణం ఒప్పుకోదు.

ఇతర దేశాల తీరు ఒక్కోచోట ఒక్కోలా ఉంది. న్యూయార్కులో 1813లో ఆంథనీ కోల్‌మన్ అనే గురువు దొంగ సొత్తును యజమానికి చేర్చి, అది ఎవరిచ్చారో చెప్పనన్నారు. బలవంతం చేయబోమని కోర్టు తీర్పునిచ్చింది. జర్మనీ చట్టం గురువుకు సాక్ష్యం చెప్పకుండా ఉండే హక్కు ఇస్తుంది. అంతర్జాతీయ నేర న్యాయస్థానం నియమావళి 73వ నిబంధన పవిత్ర పాపసంకీర్తనాన్ని పేరు పెట్టి మరీ కాపాడుతుంది. కెనడా సుప్రీంకోర్టు 1991లో ఏ కేసుకు ఆ కేసుగా తూచాలంది.

మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది గురువు కాదు, ఆ మెసేజ్. పాపసంకీర్తన రహస్యం ఆ పవిత్ర కర్మలో చెప్పినదానికే వర్తిస్తుంది. గుడి మెట్ల మీద మాట్లాడినది, ఇంటికి పిలిచి సలహా అడిగినది, ఫోనులో రాసినది దాని కిందికి రావు. గురువు మర్యాద కొద్దీ దాచవచ్చు, కానీ ఫోనుకు అలాంటి నియమాలు లేవు. 'తిరిగి కట్టాలి' అనే ఆ ఒక్క మాటను ప్రాసిక్యూషన్ మీ సొంత ఒప్పుకోలుగా చూపిస్తుంది. అలాగని దాన్ని తుడిచేయకండి. సాక్ష్యంగా పనికొచ్చే ఎలక్ట్రానిక్ రికార్డును కావాలని నాశనం చేయడం విడిగా మరో నేరం. గురువును తుడిచేయమని అడగడం ఆయనను కూడా అందులోకి లాగడమే.

వెనుక నిలబడ్డ వ్యక్తి నిజంగా విని ఉంటే, శ్రీసభ చట్టం ప్రకారం అతనికీ రహస్యం పాటించే బాధ్యత ఉంది. కోర్టు దృష్టిలో మాత్రం అతను మామూలు సాక్షి. అయితే కోర్టు వెలుపలి నేరాంగీకారాన్ని మన న్యాయస్థానాలు బలహీనమైన సాక్ష్యంగానే చూస్తాయి. గుసగుసగా చెప్పిన మాటలో ఎంత వినబడింది, అతనికి మీతో ఏమైనా పగ ఉందా, ఇతర ఆధారాలు దాన్ని బలపరుస్తున్నాయా అని తరచి చూస్తాయి.

పిల్లల విషయంలో మీరు విన్నది నిజం. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్, బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం కలిగినా ప్రతి వ్యక్తీ పోలీసులకు చెప్పి తీరాలంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, సంస్థకు బాధ్యుడైతే ఏడాది వరకు. గురువుకు మినహాయింపు రాయలేదు. శ్రీసభ చట్టంతో ఇది సూటిగా ఢీకొంటుంది. ఆస్ట్రేలియాలో పిల్లలపై లైంగిక నేరాలను విచారించిన రాయల్ కమిషన్ 2017లో పాపసంకీర్తనానికి మినహాయింపు వద్దని సిఫారసు చేశాక విక్టోరియా, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలు అలాగే చట్టం చేశాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 2025లో అదే బాట పట్టగా, గురువులపై దాని అమలును ఫెడరల్ కోర్టు ఆపింది. ఇక్కడ నా మాట దాచుకోను. ఏ బిడ్డకైనా హాని జరుగుతోందని మీకు తెలిస్తే, గురువుకు చెప్పాను కదా, ఇక ఆయనే చూసుకుంటారని ఊరుకోకండి. ఆయన చెప్పలేరు, మీరు చెప్పగలరు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి ఆ చట్టమే రక్షణ ఇస్తుంది.

హత్య, దోపిడీ వంటి కొన్ని నేరాలను పోలీసులకు తెలపాలని క్రిమినల్ కేసుల విధానాన్ని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 33వ సెక్షన్ కూడా అంటుంది. ఉద్యోగి ప్రైవేటు సంస్థ సొమ్ము వాడుకోవడం మామూలుగా ఆ జాబితాలోకి రాదు.

ఇప్పుడు మీరు చేయాల్సినది క్రిమినల్ కేసులు చూసే వకీలును కలవడం. జరిగినది జరిగినట్టు చెప్పండి, ఆ మెసేజ్ చూపించండి. గురువుకు గానీ, సంస్థవారికి గానీ ఇక ఏమీ రాయకండి. ముందస్తు బెయిలు అవసరమా అన్నది వకీలు చూస్తారు. డబ్బు తిరిగి కట్టినంత మాత్రాన నేరం చెరిగిపోదు గానీ, బెయిలు దగ్గర, శిక్ష దగ్గర అది లెక్కలోకి వస్తుంది. కట్టేది వకీలు ద్వారానే కట్టండి. ఎంత కట్టారో, ఎందుకు కట్టారో చెప్పే కాగితంలో ఏ మాట ఉండాలో, ఏది ఉండకూడదో ఆయన చూసుకుంటారు.