18 ఏళ్ల అబ్బాయి మా అమ్మాయి క్లాసులో ఉండొచ్చా?

ప్రశ్న: మేం డల్లాస్ పక్కన ఒక ఊళ్లో ఉంటున్నాం. మా అమ్మాయికి 14 ఏళ్లు, ఈ ఏడాదే హైస్కూల్లో చేరింది, తొమ్మిదో గ్రేడ్. తన బయాలజీ క్లాసులో హోండురాస్ నుంచి కొత్తగా వచ్చిన అబ్బాయి ఉన్నాడు. వయసు 18 అని పిల్లలు అంటున్నారు. అతను మా అమ్మాయిని ఏమీ అనలేదు, అయినా నాకు భయంగానే ఉంది. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో రోజూ ఇదే గొడవ. ఎవరో 2017లో మేరీలాండ్‌లో జరిగిన కేసు వార్తలు మళ్లీ పెడుతున్నారు. 17 దాటిన వలస పిల్లలందరినీ వేరే బడికి పంపాలని స్కూల్ బోర్డుకు పిటిషన్ రాశారు, నన్నూ సంతకం చేయమంటున్నారు. ఆ అబ్బాయి పోలీసు రికార్డు, వీసా కాగితాలు చూపించమని స్కూల్‌ను అడగొచ్చా? సంతకం పెడితే మా హెచ్1బీకి ఇబ్బంది వస్తుందా? ఇంకో సంగతి. మా బావగారి కుటుంబం సంక్రాంతి తర్వాత ఇక్కడికి వస్తోంది. వాళ్లబ్బాయికి 17 నిండాయి, ఇంటర్ ఫస్టియర్ అయింది. ఈ గొడవల్లో వాణ్ణి కూడా చేర్చుకోరేమోనని టెన్షన్‌గా ఉంది.

- ఒక తల్లి, టెక్సస్

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి ఆ క్లాసులో కూర్చోవడం చట్టప్రకారం సరైనదే. మీ అమ్మాయి భద్రత గురించి స్కూల్‌ను గట్టిగా నిలదీయడం కూడా చట్టం మీకిచ్చిన హక్కే. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు. గ్రూపులో గొడవంతా ఈ రెంటినీ కలిపేయడం వల్లే వస్తోంది.

ముందు వయసు సంగతి. టెక్సస్ ఎడ్యుకేషన్ కోడ్ ప్రకారం సెప్టెంబర్ 1 నాటికి 21 నిండని వ్యక్తి ఆ స్కూల్ డిస్ట్రిక్టు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) పరిధిలో నివాసం ఉంటే పబ్లిక్ స్కూల్లో, అంటే ప్రభుత్వ బడిలో, చేర్చుకోవాల్సిందే. చాలామందికి తెలియని విషయం ఇంకోటి ఉంది. ఈ రాష్ట్రంలో 19వ పుట్టినరోజు దాకా బడికి వెళ్లడం తప్పనిసరి. అంటే 18 ఏళ్ల ఆ అబ్బాయి బడికి రాకపోతేనే చట్టం తప్పినవాడవుతాడు. 21 దాటి 26 లోపు ఉన్నవాళ్లను డిప్లొమా పూర్తి చేయడానికి చేర్చుకోవాలా వద్దా అనేది డిస్ట్రిక్టు ఇష్టం. అలా చేరినవాళ్లు అంతకుముందు మూడేళ్లు బడికి వెళ్లకుండా ఉంటే, 18 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలతో కలిపి ఒకే తరగతి గదిలో గానీ క్యాంటీన్‌లో గానీ కూర్చోబెట్టకూడదు. ఇది చట్టంలో స్పష్టంగా ఉంది. వయసు తేడా వల్ల వచ్చే సమస్యను శాసనసభ ఆలోచించే గీత గీసింది. ఆ గీత 17 దగ్గర లేదు, 18 దగ్గరా లేదు. పైగా అది దేశం చూసి గీసిన గీత కాదు. డల్లాస్‌లోనే పుట్టి చదువు మధ్యలో మానేసి 22 ఏళ్లకు తిరిగొచ్చినవాడికీ అదే వర్తిస్తుంది.

18 ఏళ్లవాడు తొమ్మిదిలో ఎందుకున్నాడంటే, ఇక్కడ హైస్కూల్లో గ్రేడ్ వయసును బట్టి కాదు, పాసైన కోర్సులకు వచ్చే క్రెడిట్లను బట్టి వస్తుంది. ఫౌండేషన్ ప్లాన్ అనే మామూలు డిప్లొమాకు 22 క్రెడిట్లు, ఎండార్స్‌మెంట్‌తో (ఒక రంగంలో అదనపు కోర్సులతో) అయితే 26 కావాలి. తన దేశంలో చదువు ఆగిపోయినవాడికో, కాగితాలు తెచ్చుకోలేకపోయినవాడికో చేతిలో క్రెడిట్లు ఉండవు కాబట్టి తొమ్మిదితోనే మొదలు.

ఇక వలస సంగతి. మీరున్న చోటికి తూర్పున రెండు గంటల లోపు ప్రయాణంలో టైలర్ అనే ఊరుంది. ఈ విషయంలో దేశమంతటికీ వర్తించే తీర్పు ఆ ఊరి నుంచే పుట్టింది. 1975లో టెక్సస్ శాసనసభ ఒక చట్టం చేసింది: చట్టబద్ధంగా దేశంలోకి రాని పిల్లల చదువుకు రాష్ట్రం డబ్బివ్వదు, డిస్ట్రిక్టులు వాళ్లను చేర్చుకోకపోయినా ఫరవాలేదు అని. 1977లో టైలర్ స్కూల్ డిస్ట్రిక్టు అలాంటి పిల్లలకు ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు పెట్టింది. మెక్సికో నుంచి వచ్చి కూలి పనులు చేసుకునే నాలుగు కుటుంబాలు కోర్టుకెక్కాయి. ఎవరి కంటా పడకుండా ఉండాలని ఫెడరల్ జడ్జి విలియం వేన్ జస్టిస్ ఉదయం 6 గంటలకే విచారణ పెట్టారు. అక్కడి నుంచే దేశం దాటించేస్తారేమోనని ఆ కుటుంబాలు కారులో సామాన్లు సర్దుకుని మరీ వచ్చాయి. పిల్లల చదువు కోసం వాళ్లు అంతకు తెగించారు. ఆ కేసే ప్లైలర్ వర్సెస్ డో. 1982 జూన్ 15న సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పిచ్చింది. జస్టిస్ బ్రెన్నన్ రాసిన ఆ తీర్పు ప్రకారం, తల్లిదండ్రులు చేసినదానికి పిల్లలకు బడి తలుపులు మూయడం 14వ రాజ్యాంగ సవరణలోని సమాన రక్షణ సూత్రానికి విరుద్ధం. 2022లో టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబట్ ఈ తీర్పును మళ్లీ సవాలు చేయాలన్నారు. 2025లో టెన్నెసీ సెనేట్ దీనికి ఎదురు వెళ్లే బిల్లును ఆమోదించింది. కానీ సుప్రీంకోర్టు తానే మార్చుకునేదాకా ప్రతి పబ్లిక్ స్కూలూ దీన్ని పాటించాలి.

కాబట్టి ఆ అబ్బాయి వీసా కాగితాలు మీరు అడగలేరు. స్కూలు కూడా చేర్చుకోవడానికి వాటిని షరతు చేయకూడదు. అడ్రస్ రుజువు, వయసు లేదా గుర్తింపు రుజువు, వ్యాక్సిన్ రికార్డు, పాత బడి కాగితాలు చూస్తారు, అంతే. నిలువ నీడ లేని పిల్లలైతే ఆ కాగితాలు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలని మెకిన్నీ-వెంటో అనే ఫెడరల్ చట్టం చెబుతోంది.

మరి పిటిషన్‌లో అడిగినట్టు వేరే బడికి పంపొచ్చా? ఇది మరీ తేలికగా తీసుకోవద్దు, ఎందుకంటే ఇదే పని చేసిన డిస్ట్రిక్టు కోర్టులో ఓడిపోయింది. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో 18 నుంచి 21 ఏళ్ల శరణార్థి పిల్లలు చేరడానికి వస్తే కొందరిని తిప్పి పంపారు, కొందరిని ఫీనిక్స్ అకాడమీ అనే ప్రత్యామ్నాయ బడికి పంపారు. వాళ్లు సూడాన్, సోమాలియా, కాంగో, బర్మాల నుంచి వచ్చినవాళ్లు. ఆ బడిలో పాఠాలు రెట్టింపు వేగంతో సాగుతాయి, రోజూ లోపలికి వెళ్లేటప్పుడు ఒళ్లు తడిమి తనిఖీ చేస్తారు. ఇంగ్లిష్ అర్థంకాని పిల్లలు అక్కడ క్లాసు దాటారే తప్ప నేర్చుకున్నది తక్కువ. 2016లో ఫెడరల్ జడ్జి వాళ్లను మామూలు హైస్కూలైన మకాస్కీలో, కొత్తగా వచ్చినవాళ్ల కోసం అక్కడే ఉన్న ఇంటర్నేషనల్ స్కూల్లో చేర్చమన్నారు. 2017 జనవరిలో థర్డ్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు దాన్ని సమర్థించింది. కోర్టు ఆధారం చేసుకున్న 1974 నాటి సమాన విద్యావకాశాల చట్టం టెక్సస్‌కూ వర్తిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో యూటికా డిస్ట్రిక్టు కూడా ఇలాంటి ఆరోపణపైనే కోర్టు కేసు ఎదుర్కోవాల్సి వచ్చి, 2016లో రాజీపడింది.

వేరే ఏర్పాటు అసలే కూడదని కాదు. హ్యూస్టన్‌లో 2005లో మొదలైన లిబర్టీ హైస్కూల్ పని చేసుకుంటూ చదివే పెద్ద వయసు వలస విద్యార్థుల కోసమే పెట్టింది. చదువు అవసరాన్ని బట్టి, భాష నేర్పడానికి పెట్టే బడి వేరు. మిగతా పిల్లలు భయపడుతున్నారని చెప్పి ఒక గుంపును ఊరవతలికి తోసెయ్యడం వేరు. మీ గ్రూపువాళ్లు అడుగుతున్నది రెండోది. బోర్డు దానికి ఒప్పుకుంటే దావా ఖర్చు మీరందరూ కట్టే ఆస్తి పన్నులోంచే పోతుంది.

మేరీలాండ్ కేసు గురించి. 2017 మార్చిలో రాక్‌విల్ హైస్కూల్లో తొమ్మిదో గ్రేడ్‌లో ఉన్న 17, 18 ఏళ్ల ఇద్దరు వలస విద్యార్థులు 14 ఏళ్ల అమ్మాయిపై అత్యాచారం చేశారని కేసు పెట్టారు. వైట్‌హౌస్ దాకా వెళ్లింది. దేశమంతా తల్లిదండ్రులు స్కూల్ బోర్డుల మీద విరుచుకుపడ్డారు. ఆ మే నెలలో ప్రాసిక్యూటర్లే ఆధారాలు నిలవడం లేదని అత్యాచారం అభియోగాలు ఎత్తేశారు. మొదటి వార్త చూసినవాళ్లలో చాలామందికి రెండోది చేరలేదు. మీ గ్రూపులో కూడా ఇప్పుడు తిరుగుతున్నది మొదటిదే అయివుంటుంది. అయితే అప్పుడు తల్లిదండ్రులు అడిగిన ఒక ప్రశ్న మాత్రం న్యాయమైనదే: బడి జరుగుతున్న వేళ పిల్లలు ఎక్కడున్నారో పెద్దలెవరూ చూడలేదా? మీరు స్కూల్‌ను అడగాల్సిందీ ఇదే. పీరియడ్ల మధ్య హాల్లో ఎవరుంటారు, బాత్రూముల వైపు ఎవరు చూస్తారు, క్లాసు మధ్యలో బయటికెళ్లే అనుమతి చీటీ (హాల్ పాస్) ఎంతసేపటికి ఇస్తారు, ఆఖరి బెల్లు తర్వాత బస్సు వచ్చేదాకా పిల్లలు ఎవరి కనుసన్నల్లో ఉంటారు. ఈ ప్రశ్నలకు ప్రిన్సిపాల్ రాతపూర్వకంగా జవాబిచ్చేలా ఈమెయిల్‌లో అడగండి. మీ అమ్మాయికి హాని చేయగలిగేవాడు ఏ దేశంవాడైనా, ఏ వయసువాడైనా, ఆపేది ఈ కాపలానే.

ఈ విషయంలో మీ చేతిలో ఉన్నవి తక్కువేం కాదు. టెక్సస్‌లో 2019 నుంచి ప్రతి క్యాంపస్‌కూ ప్రమాద సూచనలను అంచనా వేసే బృందం ఒకటి ఉండాలి. ఎవరి ప్రవర్తనైనా నిజంగా భయపెట్టేలా ఉంటే ఆ బృందానికి చెప్పండి, పేరు బయటపెట్టకుండా చెప్పే దారి కూడా ఉంటుంది. వేధింపు జరిగిందని ఫిర్యాదు వస్తే బాధిత విద్యార్థి తల్లిదండ్రులకు మూడు పని దినాల్లోగా తెలపాలని డేవిడ్స్ లా అనే 2017 నాటి టెక్సస్ చట్టం చెబుతోంది. లైంగిక వేధింపు అయితే, బడుల్లో లింగ వివక్షను నిషేధించే టైటిల్ నైన్ అనే ఫెడరల్ చట్టం కింద ఫిర్యాదులు చూసే కోఆర్డినేటర్ ప్రతి డిస్ట్రిక్టులో ఉంటారు, పేరు, ఈమెయిల్ వెబ్‌సైట్‌లో ఉండాలి. ఏమీ జరగకపోయినా మీ అమ్మాయిని ఇంకో బయాలజీ క్లాసుకు మార్చమని ప్రిన్సిపాల్‌ను కోరే హక్కు మీకుంది. దానివల్ల ఇంకో విద్యార్థిని కదపాల్సిన పని రాకూడదు, అదొక్కటే షరతు. మీ అమ్మాయికి అక్కడ ఇబ్బంది లేదంటే మాత్రం మార్చకండి. ముందు తననే అడగండి.

పోలీసు రికార్డు మీకు చూపించరు. విద్యార్థి రికార్డులను 1974 నాటి ఫెర్పా చట్టం కాపాడుతుంది. మీ అమ్మాయి మార్కులు పక్కింటివాళ్లకు చెప్పకపోవడం కూడా ఆ చట్టం వల్లే. అలాగని స్కూలు చీకట్లో ఉండదు. టెక్సస్‌లో ఒక విద్యార్థిని తీవ్రమైన నేరాల్లో అరెస్టు చేస్తే పోలీసులు 24 గంటల్లోగా స్కూల్ డిస్ట్రిక్టు అధిపతి అయిన సూపరింటెండెంట్‌కు చెప్పాలి. ఆయన సంబంధిత టీచర్లకు చెప్పాలి. ఇంకొకటి: ఈ రాష్ట్రంలో 17 ఏళ్లకే నేర చట్టం దృష్టిలో పెద్దవాడు. 18 ఏళ్లవాడు 14 ఏళ్ల అమ్మాయితో హద్దు దాటితే, అమ్మాయి ఇష్టపడిందన్న మాట పనికిరాదు, జువెనైల్ కోర్టు రాయితీ కూడా ఉండదు. ఇది మీ అమ్మాయికి అర్థమయ్యేలా చెప్పండి. మన ఇళ్లలో ఈ మాట తల్లి నోట వినడం అరుదు, అందుకే చెబుతున్నాను.

సంతకం సంగతి. స్కూల్ బోర్డుకు వినతి ఇవ్వడం వీసా షరతుల ఉల్లంఘన కాదు. మాట్లాడే హక్కు ఇక్కడ పౌరులకే పరిమితం కాదు. టెక్సస్ ఓపెన్ మీటింగ్స్ చట్టం ప్రకారం ఎజెండాలో ఉన్న అంశంపై బోర్డు నిర్ణయానికి ముందు మీరు లేచి మాట్లాడొచ్చు. అయినా ఆ కాగితం మీద సంతకం పెట్టవద్దనే నా సలహా. ఆ కోరిక చట్టం ముందు నిలవదు. దాని బదులు పర్యవేక్షణ పెంచమని, ఇంగ్లిష్ రాని పిల్లలకు టీచర్లను పెంచమని మీరే ఇంకో వినతి రాయండి. అది బోర్డు చేయగలిగిన పని. గ్రూపులో ఆ అబ్బాయి ఫొటో గానీ, గ్యాంగువాడనో రేపిస్టు అనో మాటలు గానీ ఫార్వర్డ్ చేయవద్దు. నిరాధారమైతే పరువు నష్టం కేసు మీ మీదికే వస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఏ తప్పూ చేయని ఒక పిల్లవాడి బతుకు దెబ్బతింటుంది.

మీ బావగారి అబ్బాయి గురించి దిగులు వద్దు. అమ్మానాన్నలతో పాటు హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద వస్తున్నట్టయితే ఏ అడ్డూ లేదు. టైలర్ కేసు రక్షణ ఎలాగూ ఉంది, దానికి తోడు వీసా కూడా సరైనదే. చేర్చుకోకపోవడం మీద కన్నా ఏ గ్రేడ్‌లో వేస్తారన్నదాని మీద దృష్టి పెట్టండి. విదేశీ మార్కులను పరిశీలించి తగిన క్లాసుల్లో త్వరగా వేయాలని రాష్ట్ర నిబంధన ఉంది, కానీ కౌన్సెలర్ చేతిలో కాగితాలు లేకపోతే మీవాడూ తొమ్మిదిలోనే కూర్చుంటాడు. తొమ్మిది, పది, ఇంటర్ ఫస్టియర్ మార్కుల లిస్టులు, టీసీ, సిలబస్ వివరం, సబ్జెక్టుకు వారానికి ఎన్ని గంటలో కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించి తీసుకురమ్మనండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిష్ అనువాదం చేయించాలి. టీకాల రికార్డు ముఖ్యం. మన దగ్గర మామూలుగా వేయించని మెనింజైటిస్ టీకా ఇక్కడ ఏడో గ్రేడ్ నుంచి తప్పనిసరి.

ఒకవేళ తల్లిదండ్రులు రావడం ఆలస్యమై, అబ్బాయిని ముందుగా విజిటర్ వీసా మీద మీ ఇంటికి పంపి బడిలో చేర్చాలనుకుంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి. స్కూలు అడగకపోవచ్చు. కానీ విజిటర్ వీసా మీద చదువుకు చేరడం ఇమిగ్రేషన్ నిబంధనలకు విరుద్ధం, రేపు ఆ పిల్లవాడి హెచ్4కి, ఆ తర్వాత ఎఫ్1కి (స్టూడెంట్ వీసాకి) అదే అడ్డుపడుతుంది. ఎఫ్1 మీద పబ్లిక్ హైస్కూల్లో చదవాలన్నా 12 నెలలకు మించి కుదరదు, పూర్తి ఖర్చు మనమే కట్టాలి. అమ్మానాన్నలతో కలిసే రమ్మనండి. 21 నిండితే హెచ్4 పోతుంది కాబట్టి, కాలేజీ చదువు మధ్యలో ఎఫ్1కి మారాల్సి వస్తుందని మీ బావగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.