కాంతాల్ కొండల్లో ఒకరోజు బైక్ టూర్: వాన ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు దారి ఎలా వేసుకోవాలి?

ప్రశ్న: ఆగస్టులో ఫ్రాన్స్‌లో, కాంతాల్ కొండల దగ్గరున్న ఓరియాక్‌లో ఉంటాను. అద్దె బైక్ మీద పా ద పేరోల్ కనుమ దాకా వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి. గంటకో రకం వాతావరణం అంటున్నారు. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు: ఓరియాక్ గొడుగుల తయారీకి పేరు మోసిన ఊరు. కాబట్టి రెయిన్ సూట్ తీసుకెళ్లాలా వద్దా అన్న చర్చే వద్దు.

పొద్దున్న కిటికీలోంచి కనిపించే ఆకాశాన్ని నమ్మి దారి వేసుకోకండి. ఆ రోజు రాబోయేది ఏ రకం వానో చూడండి. పొద్దున ఎండ కాసి, మధ్యాహ్నం దాటాక కొండల మీదే మబ్బు కమ్మి ఉరిమి కురిసేది ఒక రకం. అలాంటి రోజు ఎనిమిదిన్నరకల్లా బయల్దేరి డీ17 రోడ్డు మీద మాందాయ్ ఊరి మీదుగా ముందు కనుమ ఎక్కేయండి. అవతలికి డీ680 మీద దిగి మ్యురా ఊళ్లో భోజనం చేసి, ఎన్122 మీద లియొరాన్ సొరంగం గుండా వెనక్కి రావచ్చు. మొత్తం సుమారు 110 కిలోమీటర్లు.

రెండోది అట్లాంటిక్ నుంచి పడమటి గాలితో వచ్చే ముసురు. అప్పుడు ఇదే దారిని తిరగేయండి, ముందు సొరంగం దాటి మ్యురా చేరండి. మబ్బులు కొండల పడమటి వైపే ఎక్కువ కురుస్తాయి కాబట్టి, ఓరియాక్ తడుస్తున్నా మ్యురాలో రోడ్డు పొడిగా ఉండొచ్చు. అక్కడ కాఫీ తాగుతూ అక్కడి వాతావరణ శాఖ మెటెయో ఫ్రాన్స్ వాన రాడార్ చూడండి. కనీసం గంటసేపు తెరిపి కనిపిస్తేనే కనుమ వైపు తిరగండి. లేకపోతే తూర్పున సాంఫ్లూర్ పీఠభూమి మీద తిరగండి, నష్టమేమీ లేదు. మబ్బులో మునిగిన కనుమ మీద చూడ్డానికీ ఏమీ ఉండదు.

కనుమ ఎత్తు 1589 మీటర్లు, ఓరియాక్ దాదాపు 620. కింద 18 డిగ్రీలుంటే పైన 12 అనుకోండి, పైగా గాలి. వేళ్లు కొయ్యబారితే బ్రేక్ లీవర్ మీద పట్టు తెలియదు. అందుకే రెయిన్ సూట్ తడిశాక కాదు, ఎక్కడం మొదలుపెట్టే ముందే వేసుకోవాలి. చలిగాలికీ అదే అడ్డం. ప్యాంటు బూటు దగ్గర ఇరుక్కుంటుంది. బూటుకి ఒక ప్లాస్టిక్ కవర్ తొడిగి కాలు దూర్చండి, సర్రున జారిపోతుంది. గ్లవ్స్ అంచులు జాకెట్ చేతుల లోపలికి పోవాలి, పైన ఉంటే చేతి మీద కారిన నీళ్లన్నీ వేళ్లలోకే చేరతాయి. తడిసిన గ్లవ్స్‌లోంచి చెయ్యి లాగితే లోపలి లైనింగ్ తిరగబడి మళ్లీ వేళ్లు దూరవు, కాబట్టి ఇంకో జత పొడిగా ఉంచుకోండి. హెల్మెట్‌కి పిన్‌లాక్ (వైజర్‌కి ఆవిరి పట్టకుండా లోపల అమర్చే పొర) లేకపోతే వైజర్‌ని ఒక్క మెట్టు తెరిచి నడపండి, ఆవిరి పోతుంది. ఫోన్ స్క్రీన్ మీద చినుకు పడితే వేలు తగిలినట్టే మ్యాప్ ఎటో కదిలిపోతుంది, స్క్రీన్ లాక్ చేసి వాయిస్ విని నడపండి.

ఎండాకాలంలో అక్కడ తారు పోసి పైన సన్న కంకర చల్లి వదిలేస్తారు. "గ్రావియోఁ" అన్న బోర్డు దానికే. కార్ల చక్రాలు నడిచిన జాడలోనే వెళ్లండి, రోడ్డు మధ్యలోనూ అంచులోనూ కంకర కుప్పపడి ఉంటుంది. బ్రేక్ మలుపుకి ముందే వేయాలి, బండి వంచాక కాదు. ఎర్రటి సలేర్స్ జాతి ఆవులు మేసే చోట పేడ, వాన తగిలితే సబ్బే. పగుళ్లకు పూసిన తారు చారలు, జీబ్రా గీతలు కూడా అంతే. ఎండిన రోడ్డు మీద పడే మొదటి పది నిమిషాల జల్లు అన్నిటికన్నా జారుడు.

అక్కడ రోడ్డు కుడి పక్కన నడపాలి. మనవాళ్లకు అసలు ప్రమాదం ట్రాఫిక్‌లో కాదు. ఫొటో కోసం ఆగి, ఖాళీ రోడ్డు మీద మళ్లీ బయల్దేరినప్పుడు అలవాటుగా ఎడమ పక్కకి వెళ్లిపోతారు. కిక్‌స్టాండ్ తీసే ముందు "కుడి" అని పైకే అనుకోండి. బోర్డులేవీ లేని కూడలిలో కుడిచేతి సందులోంచి వచ్చే బండికి మీరే దారివ్వాలి. మధ్య డివైడర్ లేని రోడ్ల మీద మామూలు వేగపరిమితి 80, కొన్ని జిల్లాల్లో 90కి పెంచారు, కాబట్టి బోర్డు చూడండి. సీఈ గుర్తు (యూరప్ భద్రతా ప్రమాణాల ముద్ర) ఉన్న గ్లవ్స్ తప్పనిసరి, లేకపోతే 68 యూరోల జరిమానా. మెరిసే చొక్కా వెంట ఉండాలి. మన లైసెన్స్‌తో పాటు మోటార్‌సైకిల్ క్లాస్ ఉన్న ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకెళ్లండి.

ఓరియాక్‌లోనే ట్యాంకు నింపండి. పెట్రోలుకి ఎస్పీ95 గానీ ఎస్పీ98 గానీ, "గాజోల్" అంటే డీజిల్. కార్డుతో నడిచే బంకులు ముందు పెద్ద మొత్తం పట్టి ఉంచి తర్వాత వదులుతాయి, కంగారు పడకండి. పల్లెల్లో వంటగది రెండింటికి మూసేస్తారు, పన్నెండున్నరకే కూర్చోండి.

సాయంత్రం గొలుసు వేడిగా ఉండగానే గుడ్డతో తుడిచి, వెనక చక్రం తిప్పుతూ లోపలి వైపు నుంచి లూబ్ కొట్టండి. బూట్లలో న్యూస్‌పేపర్ కుక్కి, గంట తర్వాత ఒకసారి మార్చండి. హీటర్ మీద మాత్రం పెట్టకండి, తోలు పగులుతుంది.