ల్యాండ్‌లైన్ విభాగాన్ని అమ్మేస్తారట: అబ్బాయి రాజీనామా చేయాలా, అమ్మాయి టెలికాం మానుకోవాలా?

ప్రశ్న: మాది కావలి. టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేరి, ఎక్కువ కాలం కేబుల్ జాయింటింగ్ పనిలోనే గడిపి, 2020 జనవరి 31న స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. మా అబ్బాయి చెన్నైలో ఒక అమెరికన్ టెలికాం కంపెనీ కార్యాలయంలో ల్యాండ్‌లైన్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద నాలుగేళ్ల నాలుగు నెలలుగా పనిచేస్తున్నాడు. కంపెనీ ల్యాండ్‌లైన్ వ్యాపారాన్ని అమ్మబోతోందని మూడు నెలలుగా ఉద్యోగులు చెప్పుకుంటున్నారట. ముందే రాజీనామా చేసి ఇంటికి వచ్చి ఏదైనా కొత్త కోర్సు నేర్చుకుంటానంటున్నాడు. కంపెనీ తానుగా చెప్పేదాకా కదలవద్దని నేనంటున్నాను. మా అమ్మాయి నెల్లూరులో ఇ.సి.ఇ. మూడో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో ఇద్దరి అనుభవం చూశాక ఆమెను టెలికాం వైపు పంపవచ్చా?

జవాబు: అయ్యా, ఉత్తరంతో పాటు మీ అబ్బాయి రెజ్యూమె కూడా పంపడం మంచిదైంది. ఉత్తరం చదివినప్పుడు కలిగిన సందేహాల్లో చాలావరకు ఆ ఒకటిన్నర పేజీ చూశాక తీరిపోయాయి. మీ ఇద్దరి మాటల్లోనూ కొంత న్యాయం ఉంది గానీ, ఇద్దరూ అమ్ముతారా అమ్మరా అన్న దగ్గరే ఆగిపోయారు. అది చెన్నై క్యాంటీన్‌లో కూర్చున్నవారికి గానీ, నెల్లూరులో కూర్చున్న నాకు గానీ ముందుగా తెలిసే సంగతి కాదు. ఒకవేళ అమ్మితే మీ అబ్బాయి చేసే పని అమ్మినవారి దగ్గర మిగులుతుందా, కొన్నవారి దగ్గరకు పోతుందా, లేక రెండింటికీ మధ్య కొంతకాలం అవసరపడి ఆ తర్వాత ఆగిపోతుందా అన్నది మాత్రం ఇప్పుడే చాలావరకు తేల్చుకోవచ్చు.

మొదట కాలం సంగతి చెబుతాను, ఎందుకంటే తొందరంతా దాని చుట్టూనే ఉంది. మీరు చూసిన అనుభవం చాలా వేగంగా జరిగినది. 2019 అక్టోబరు 23న కేంద్ర మంత్రివర్గం బి.ఎస్.ఎన్.ఎల్. పునరుద్ధరణ పథకాన్ని ప్రకటించింది, నవంబరులో దరఖాస్తులు తీసుకున్నారు, జనవరి 31న సుమారు 78 వేల మంది ఒకేరోజు బయటికి వచ్చారు. మూడు నెలల్లో అంతా ముగిసింది కాబట్టి, ఇలాంటివన్నీ రాత్రికి రాత్రే మీద పడతాయన్న భయం మీ ఇంట్లో పాతుకుపోయినట్లుంది. అమెరికాలో ల్యాండ్‌లైన్ల అమ్మకం అలా జరగదు. వెరిజాన్ సంస్థ మెయిన్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రాల లైన్లను ఫెయిర్‌పాయింట్‌కు అమ్ముతున్నట్లు 2007 జనవరిలో ప్రకటించి, 2008 మార్చి చివరికి అప్పగించింది. 2009 మేలో 14 రాష్ట్రాల లైన్లను ఫ్రాంటియర్‌కు అమ్ముతున్నట్లు చెప్పి 2010 జూలై 1న ఇచ్చింది. 2015 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా, టెక్సస్, ఫ్లోరిడాల గురించి ప్రకటించి 2016 ఏప్రిల్ 1న వదులుకుంది. మరో సంస్థ లూమెన్ 20 రాష్ట్రాల లైన్లను 2021 ఆగస్టులో అమ్మకానికి ఒప్పుకొని 2022 అక్టోబరులో అప్పగించింది. లెక్క వేసి చూడండి, నాలుగింటిలోనూ ప్రకటన నుంచి అప్పగింత దాకా పద్నాలుగు నెలలు, అటూ ఇటూగా పట్టింది. టెలికాంను నియంత్రించే అక్కడి కేంద్ర కమిషను, ఆయా రాష్ట్రాల కమిషన్లు విచారణ జరిపి అనుమతించాలి కాబట్టి అంతకంటే త్వరగా తెమలడం కష్టం. పైగా షేరు మార్కెట్టులో ఉన్న కంపెనీ ఇంత పెద్ద ఒప్పందం మీద సంతకం పెడితే నాలుగు పనిదినాల్లోగా బయటపెట్టి తీరాలి. మీ అబ్బాయి వింటున్న కబురు నిజమే అయినా, సంతకం పడ్డ నాటి నుంచి అతనికి సుమారు ఏడాది వ్యవధి ఉంటుంది.

కాబట్టి ఈ నెలలో రాజీనామా చేయవలసిన అవసరం ఏమీ లేదు. అలాగని మీరన్నట్లు చేతులు కట్టుకొని కూర్చోవడమూ సరికాదు. ప్రభుత్వ రంగంలో యాభై దాటినవారికి ఎక్స్‌గ్రేషియా ఇచ్చి, పెన్షన్ నిలబెట్టి పంపించారు. ఇరవై ఏడేళ్ల వయసున్న ప్రైవేటు ఉద్యోగికి ఆ రెండూ ఉండవు. కంపెనీ చెప్పేదాకా ఆగమన్న మీ మాట మీ ఉద్యోగానికి సరిపోయింది గానీ అతని ఉద్యోగానికి సరిపోదు.

ఇక అమ్మకంలో ఏది చేతులు మారుతుందో చూద్దాం. కొనేవారు తీగలు, స్తంభాలు, భూమిలోని గొట్టాలు, ఎక్స్ఛేంజి భవనాలు, ఖాతాదారులు, ఆ రాష్ట్రాల్లో లైన్ల మీద పనిచేసే సిబ్బందిని తీసుకుంటారు. 2016 నాటి అమ్మకంలో తొమ్మిది వేలకు పైగా ఉద్యోగులు కొత్త యజమాని కిందకు వెళ్లారు. బిల్లింగ్, ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ మాత్రం సాధారణంగా అమ్మినవారి దగ్గరే ఉండిపోతుంది, ఎందుకంటే అదే వ్యవస్థ మీద అమ్మని రాష్ట్రాల పని కూడా నడుస్తుంటుంది. అమ్మిన ఖాతాదారుల సమాచారాన్ని మాత్రం విడదీసి, శుభ్రం చేసి, కొత్తవారి వ్యవస్థలోకి ఎక్కించాలి. ఈ పనినే వాళ్లు కటోవర్ అంటారు. పాత కేబుల్ నుంచి కొత్త కేబుల్‌కు జతలు మార్చేటప్పుడు మీరూ ఇదే మాట వాడి ఉంటారు. ఒక్క జత తప్పుగా కలిస్తే ఒకరి ఫోను ఇంకొకరి ఇంట్లో మోగడం మీకు తెలియనిది కాదు. ఇక్కడ లక్షల ఖాతాలను కలపాలి.

ఈ పని చెడితే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చాలు. ఫెయిర్‌పాయింట్ తన సొంత కొత్త వ్యవస్థలోకి 2009 ఆరంభంలో మారింది. ఆర్డర్లు పేరుకుపోయాయి, బిల్లులు తప్పుల తడకలయ్యాయి, ఖాతాదారులు వెళ్లిపోయారు, ఆ ఏడాది అక్టోబరులోనే సంస్థ దివాలా రక్షణ కోరింది. అంతకు ముందు 2005లో హవాయి ద్వీపాల లైన్లు కొన్న సంస్థకు కూడా బిల్లింగ్ వ్యవస్థ దగ్గరే దెబ్బ తగిలింది, అది 2008 డిసెంబరులో దివాలా తీసింది. అప్పుల భారం రెండుచోట్లా ఉందనుకోండి, నెపమంతా సాఫ్ట్‌వేర్ మీద వేయడం అన్యాయం. అయినా 2010 నాటి పెద్ద అమ్మకంలో ఈ అనుభవం పనిచేసింది. ఒక్క పశ్చిమ వర్జీనియాను మినహాయించి మిగిలిన రాష్ట్రాలన్నింటికీ పాత వ్యవస్థ నకలునే తయారుచేసి ఇచ్చారు.

దీన్ని బట్టి మీ అబ్బాయి పరిస్థితి నాకు ఇలా కనిపిస్తోంది. అమ్మకం జరిగితే మొదటి ఏడాది, ఏడాదిన్నర పాటు అతనిలాంటివారి అవసరం తగ్గకపోగా పెరుగుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. భయపడవలసింది ఆ రెండో ఘట్టాన్ని చూసి, మొదటిదాన్ని చూసి కాదు. సమాచారం విడదీసే బృందంలోకి పిలిస్తే సందేహించకుండా చేరమనండి. అక్కడ పనిచేసినవారికి బ్యాంకుల విలీనాల్లోనూ, బీమా సంస్థల్లోనూ, విద్యుత్ పంపిణీ బిల్లింగ్‌లోనూ చోటు దొరుకుతుంది. ఉండిపోతే బోనసు ఇస్తామని కాగితం పెడితే, మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలా, వాళ్లే తీసేస్తే ఇస్తారా అన్న రెండు వాక్యాలు వెతికి చదివాకనే సంతకం చేయమనండి.

క్యాంటీన్ కబుర్లలో వినదగినవి కొన్నే ఉంటాయి. పై అధికారి రాజీనామా చేశాడని, ప్రయాణాలు ఆపారని, కొత్తవారిని తీసుకోవడం లేదని చెప్పుకునే మాటలను పట్టించుకోనక్కరలేదు, అవి ఏ కంపెనీలోనైనా ఏటా జరిగేవే. కానీ, ఫలానా రాష్ట్రాల ఖాతాలను వేరుగా లెక్కగట్టి చూపమని అతని బృందాన్నే అడిగితే, లేదా ఆ రాష్ట్రాల మీద కొత్త మార్పులేవీ చేయవద్దని ఆదేశం వస్తే, అది పదిమంది ఊహల కంటే బలమైన ఆనవాలు. అలా తెలిసిన సంగతి కంపెనీ రహస్యం కూడా కాబట్టి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దని చెప్పండి. ఆ కంపెనీ షేర్లు అతని దగ్గర ఉంటే మరీ జాగ్రత్తగా ఉండాలి.

డబ్బు సంగతి ఒక్కటి చెప్పి ముందుకు వెళతాను. గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి, అతనికి ఇంకా ఎనిమిది నెలలుంది. మూలవేతనం నలభై వేలనుకుంటే, పదిహేను రోజుల జీతాన్ని ఇరవై ఆరు రోజుల నెల లెక్కన ఐదేళ్లకు కడితే లక్షా పదిహేను వేలు వస్తుంది. కొత్త ఉద్యోగం ఎదురుగా ఉంటే ఈ మొత్తం కోసం దాన్ని వదులుకోనక్కరలేదు. ఖాళీగా ఇంటికి రావడానికి మాత్రం ఈ మొత్తాన్ని వదులుకోకూడదు. ఉద్యోగం మారినా ప్రావిడెంట్ ఫండ్ తీసేయకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోమనండి.

ఇప్పుడు రెజ్యూమె దగ్గరకు వస్తాను, అసలు లోపం నాకు అక్కడ కనిపించింది. నాలుగేళ్ల పనిని అతను ఒకే వాక్యంలో ముగించాడు: ‘వైర్‌లైన్ బిల్లింగ్ అప్లికేషన్‌లో మద్దతు, అభివృద్ధి పనులు నిర్వహించాను.’ దాని కింద పదకొండు సాఫ్ట్‌వేర్ల పేర్లు వరుసగా ఉన్నాయి. ఈ వాక్యం చదివిన బయటి కంపెనీవారికి వైర్‌లైన్ అన్న ఒక్క మాటే కనిపిస్తుంది, అది పాతబడిన పని అనుకొని పక్కన పెడతారు. అందుకే నిన్న ఫోనులో అతనితో అరగంట మాట్లాడాను. నెలాఖరు రాత్రి బిల్లుల తయారీ మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావని అడిగితే, అప్పటిదాకా ముక్తసరిగా జవాబిచ్చినవాడు ఇరవై నిమిషాలు ఆగకుండా చెప్పాడు. ఏ రాష్ట్రానికి ఏ పన్ను, నెల మధ్యలో ప్లాను మారితే రోజుల చొప్పున ఎలా విడదీస్తారు, నంబరు వేరే కంపెనీకి పోయాక కూడా బిల్లు వెళుతున్న తప్పును తానెలా పట్టుకున్నాడు, తెల్లవారేలోగా ఎన్ని ఖాతాలను తిరిగి నడిపించాడు, అన్నీ చెప్పాడు. వీటిలో ఒక్క ముక్క కూడా కాగితం మీద లేదు. అవే రాయమని చెప్పాను. ఏ తప్పు, ఎలా దొరికింది, దిద్దాక ఏం మారింది అన్న క్రమంలో నాలుగైదు సంఘటనలు రాస్తే చాలు, పదకొండు పేర్లలో ఏడు తీసేయవచ్చు. కొత్త కోర్సు అవసరమే గానీ దానికి ఉద్యోగం మానక్కరలేదు. డేటాబేసుల మీద ఇప్పటికే పట్టుంది కాబట్టి క్లౌడ్ వేదికల్లో ఒకదాన్ని ఉదయం గంటన్నర చొప్పున ఆరు నెలలు నేర్చుకుంటే సరిపోతుంది. ఇంటర్వ్యూలకు మాత్రం వచ్చే నెల నుంచే వెళ్లాలి. చాలా కంపెనీలలో మూడు నెలల నోటీసు ఉంటుంది కాబట్టి ఇప్పుడు మొదలుపెడితేనే ఐదేళ్లు నిండే నాటికి చేతిలో ఒక కొత్త ఉద్యోగపు నియామక ఉత్తరం ఉంటుంది.

మీ అమ్మాయి విషయంలో నాకు మీ అంత దిగులు లేదు. ల్యాండ్‌లైన్ అనగానే మనకు గుర్తొచ్చే రాగి తీగకు, దానికి తగిలించిన ఫోనుకు కాలం చెల్లింది, నిజమే. కానీ మన దేశంలో 2006 ప్రాంతంలో ఐదు కోట్ల దాకా ఎదిగిన ఈ కనెక్షన్లు, 2020 నాటికి రెండు కోట్లకు పడిపోయి, ఇంటింటికీ ఫైబరు రావడంతో 2024 నాటికి మూడు కోట్లు దాటాయి. కావలిలో మీ వీధి కరెంటు స్తంభాల మీదుగా వెళ్లే సన్నని నల్ల తీగలను చూస్తూనే ఉన్నారు కదా. అమెరికాలో జరిగింది ఇంకా విచిత్రం. 2010లోనూ 2016లోనూ తన లైన్లను ఫ్రాంటియర్‌కు అమ్మిన వెరిజాన్, ఆ ఫ్రాంటియర్ 2020లో దివాలా ప్రక్రియకు వెళ్లి, తేరుకొని, ఫైబరు పరిచాక, 2024 సెప్టెంబరులో ఏకంగా ఆ కంపెనీనే 2,000 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది.

అందుచేత ఆమెను టెలికాం నుంచి తప్పించనక్కరలేదు, అదొక్కదానికే కట్టేయనూ వద్దు. ఆప్టికల్ కమ్యూనికేషన్, కంప్యూటర్ నెట్‌వర్క్‌లు, ఈ రెండు సబ్జెక్టులు మార్కుల కోసం కాక పనికోసం చదవాలి. దాంతోపాటు లైనక్స్, పైథాన్ వస్తే టెలికాం మందగించినా డేటా సెంటర్లలో, నెట్‌వర్క్ భద్రతలో నిలబడవచ్చు. సాఫ్ట్‌వేర్ కోర్సుల పేరుతో రెండు చోట్ల ఫీజు కట్టవలసిన పని లేదు. మూడో సంవత్సరం సెలవుల్లో ఊళ్లో ఫైబరు కనెక్షన్లు ఇచ్చే కాంట్రాక్టరు దగ్గర రెండు వారాలు తిరగనివ్వండి. కాలేజీ ల్యాబులో కంటే అక్కడ ఫైబరు కొసలను అతికించే స్ప్లైసింగ్ యంత్రాన్ని ఎక్కువసార్లు ముట్టుకుంటుంది, తీగ ఎన్ని మీటర్ల దూరంలో తెగిందో ఓ.టి.డి.ఆర్. అనే పరీక్షా యంత్రం చూపే గీతను చూసి చెప్పడం నేర్చుకుంటుంది.

ఆమె అక్కడికి వెళ్లే ముందు మీరొక పని చేయండి. మీరు జాయింటు గుంటలో కూర్చొని చీకట్లో కూడా తడుముకోకుండా చెప్పగలిగిన బ్లూ, ఆరంజ్, గ్రీన్, బ్రౌన్, స్లేట్, ఆ తర్వాత వైట్, రెడ్, బ్లాక్, ఎల్లో, వయొలెట్ అన్న కేబుల్ తీగల రంగుల వరుసను ఆమెకు కంఠతా పట్టించండి. ఫైబరు కేబుల్లోనూ మొదటి పది రంగులు అవే, అదే వరుసలో ఉంటాయి. చివర పింకు, ఆక్వా అనే రెండు మాత్రం మీకు కొత్త.