షెడ్డు వేసే ముందు, అమ్మలూ

అమ్మలూ,

గాలిమరలకు నాసెల్ కవర్లు, అదే టవరు మీద ఉండే యంత్రాలను కప్పే గ్లాస్ ఫైబర్ డొప్పలు, చేసే యూనిట్ అనంతపురంలో పెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత గర్వపడ్డానో! లోనుకు ఇల్లు తాకట్టు పెడుతున్నారని కూడా అన్నాడు. అప్పటినుంచి నాకు టెన్షన్‌గానే ఉంది.

జీఎస్టీ, ఉద్యమ్ (చిన్న పరిశ్రమగా నమోదు) రిజిస్ట్రేషన్ ముందే చేయించుకో. ఉద్యమ్ ఉంటే కొన్నవాళ్లు 45 రోజుల్లోగా డబ్బు కట్టాలని చట్టం ఉంది. వాడుకో, మొహమాటపడకు.

"కేంద్రం దేశంలో చేసిందే కొనమంటోంది, ఆర్డర్లకు ఢోకా లేదు" అన్నావట. ఆ ఉత్తర్వు చదివావా తల్లీ? 2025 జులైలో వచ్చిన నిబంధన ప్రకారం ఆమోదిత జాబితాలోంచే కొనాల్సినవి బ్లేడు, టవరు, గేర్‌బాక్సు, జనరేటరు, స్పెషల్ బేరింగులు. నాసెల్ కవరు అందులో లేదు. నీ దగ్గరే కొనాలని ఎవరికీ నిర్బంధం లేదు. ధర, పని చూసే కొంటారు.

మా ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో నా స్నేహితుడొకడు టవర్ల లోపలి నిచ్చెనలు, ప్లాట్‌ఫారాలు చేసేవాడు. వెల్డింగ్‌లో వాడికి సాటి లేదు. 2016-17లో దేశమంతా దాదాపు 5,500 మెగావాట్ల మరలు నిలబడ్డాయి. అది చూసి అప్పు చేసి రెండో షెడ్డు వేశాడు. ఉన్న కొనుగోలుదారు ఒక్క మరల కంపెనీయే. అప్పటిదాకా మన రాష్ట్రంలో గాలి కరెంటుకు యూనిట్‌కు 4 రూపాయల 80 పైసలకు పైనే ఇచ్చేవాళ్లు. 2017 ఫిబ్రవరిలో, తక్కువ ధరకు ఇస్తామన్నవాళ్లకే అవకాశమనే వేలం పద్ధతి వచ్చి ధర 3.46కు దిగింది, డిసెంబరుకు 2.43. కేంద్రం యూనిట్‌కు ఇచ్చే అర్ధరూపాయి ప్రోత్సాహకం కూడా ఆ ఏడాది మార్చితోనే ఆగింది. 2017-18లో దేశంలో కొత్తగా వచ్చింది 2,000 మెగావాట్ల లోపే. ఆ కంపెనీ ఆర్డర్లు ఆపేసింది, పాత బిల్లులూ ఆపేసింది. వాయిదాలు మాత్రం ఆగలేదు. చివరికి ఇల్లు పోయింది. వాడి భార్య సామాను సర్దుతుంటే సాయానికి వెళ్లాను. అందుకే ఇల్లు అనే మాట వినగానే నాకు గుండె దడ.

పాలసీని నమ్మొద్దని కాదు. అది లేకపోతే మన దగ్గర ఈ పరిశ్రమే లేదు. కానీ అప్పు తీరడానికి ఏళ్లు పడుతుంది, పాలసీ ఒక్క ఉత్తర్వుతో మారుతుంది. నీ అచ్చుల్లో (మౌల్డుల్లో) కొన్ని వాటర్ ట్యాంకులకూ, బస్సు ప్యానెళ్లకూ పనికొచ్చేలా చూసుకో. కనీసం ఇద్దరు కొనేవాళ్లు కుదిరాకే రెండో షెడ్డు మాట ఎత్తు.

ఇంకోటి. గ్లాస్ ఫైబర్ ధూళి చాలా చెడ్డది. మాస్కు లేకుండా కోతకు నిలబడితే ఊరుకోను, ఓనరమ్మవైనా సరే. పనివాళ్లకు ముందు నువ్వు పెట్టుకో. చిన్నప్పుడు రామగిరి కొండల మీద మరలు చూపిస్తే దిగనని ఏడ్చావు, నిన్ను ఎత్తుకుని దించాల్సొచ్చింది. ఆ మొండితనం ఇప్పుడు పనికొస్తుందిలే.

బ్యాంకు కాగితాలు సంతకానికి ముందు నాకు వాట్సాప్ చెయ్యి. ఇంటికి బదులు మెషీన్ల మీదే లోను ఇస్తారేమో మేనేజర్‌ని అడుగుదాం, నేనూ వస్తాను.

మీ పెదనాన్న